ముసలి బ్రేకర్‌కు అరసెకను గడువు

కరెంటు ఆఫీసు మూడో అంతస్తులో, కిటికీ పక్క సీట్లో, రోజుకు నలభై ప్రమాదాలు చేసే ఒకావిడ ఉన్నారు. లైన్ల మీద చెట్లు పడేస్తారు, ట్రాన్స్‌ఫార్మర్లు తగలబెడతారు, ఒంటిగంటకు నిశ్చింతగా భోంచేస్తారు. ఇదంతా కంప్యూటర్‌లోని నమూనా గ్రిడ్‌లో కనుక పోలీసులు పట్టించుకోరు. తోటివాళ్లు మాత్రం 'అపశకునం' అని పేరు పెట్టారు. అలా పిలిస్తే ఆవిడ పలుకుతారు కూడా.

లైన్లను కాపాడే ఆ శాస్త్రంలో ధర్మసూత్రం ఒక్కటే. లైనులో ఏదైనా జరిగితే దగ్గరి బ్రేకరే ముందు కరెంటు తెంచాలి. సబ్‌స్టేషనంతటినీ కాసే మరో బ్రేకర్, అంటే పై కాపలాదారు, సెకనులో పదింట మూడు వంతులు ఓపిక పట్టి, అప్పటికీ తెగకపోతేనే కలగజేసుకోవాలి. తొందరపడ్డాడా, సబ్‌స్టేషనంతా చీకటి. ఈ సూత్రం విని ఆవిడ అత్తగారు, "పిల్లలు కొట్టుకుంటుంటే చూస్తూ కూర్చుంటారా? చోద్యం!" అన్నారు.

గురువారం కొత్త లైను ప్రారంభం. ఆ లైను బయల్దేరే సబ్‌స్టేషన్ నుంచే ఆస్పత్రికీ కరెంటు. ఆర్నెల్లు కట్టిన నమూనా నలభైకి నలభై ప్రమాదాలూ గట్టెక్కింది. దాంతో ఆవిడకు దిగులు పట్టుకుంది. ఒక్క వంకా లేని సంబంధం వస్తే ఆరా తీయాలి కదా!

మంగళవారం సబ్‌స్టేషన్‌కు వెళ్లారు. ఆపరేటర్ ఆ లైనుకు కేటాయించిన పాత బ్రేకర్‌ను ఆప్యాయంగా తట్టి, "నెల్లాళ్లు కదలకుండా ఉంటే మొదటిసారి బద్ధకిస్తుందమ్మా, పెద్దప్రాణం," అన్నాడు.

"మరి టెస్టులన్నీ పాసైంది కదా?"

"టెస్టువాళ్లు వచ్చేముందు మేమే రెండుసార్లు ఆడించి ఉంచుతాం. నలుగురిలో దాని పరువు పోకూడదుగా!"

"ఇదెక్కడా రాయలేదేం?"

"ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదేం?"

ఆ పెద్దప్రాణాన్ని ముందుగా లేపకుండా కొలిచారు. వచ్చిన అంకెను నమూనాలో వేస్తే మొదటి ప్రమాదానికే పై కాపలాదారు ఓపిక నశించి తెంచేశాడు, ఆస్పత్రి ఆరిపోయింది.

"సంతకాలైపోయాయమ్మా, ఇప్పుడు అపశకునం పలక్కు," అన్నారు పై అధికారి.

"సంతకాలు చూసి కరెంటు ఆగదు సార్. బ్రేకర్‌ను బాగుచేసేదాకా పై కాపలాదారును అరసెకను ఆగమందాం."

ఆయన తెర మీద నల్లబడ్డ ఆస్పత్రిని చూశారు, నిట్టూర్చారు, మళ్లీ సంతకం పెట్టారు.

బాగుచేసేవాళ్ల వంతు ఇంకా రాకముందే, మరుసటి నెలలో ఒక క్రేను చెయ్యి చాచి లైనును తాకింది. బ్రేకర్ తన హోదాకు తగ్గ నిదానంతో లేచి తెంచింది. పై కాపలాదారు ఆగాడు. ఆస్పత్రిలో ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. మూడో అంతస్తులో ఫోను మోగలేదు. ఆ వృత్తిలో అంతకు మించిన సన్మానం లేదు. సాయంత్రం రికార్డు చూశాకే ఆవిడకు సంగతి తెలిసింది.

"ఏంటమ్మా, మొహం వెలిగిపోతోంది? ఏం జరిగింది?" అన్నారు అత్తగారు.

"ఏమీ జరగలేదత్తయ్యా!"

ఇంతలో పక్కగదిలో పిల్లలు రిమోట్ కోసం కలబడ్డారు. అత్తగారు లేవబోయారు.

"అరసెకను," అంది కోడలు.

అత్తగారు కూర్చున్నారు, కాకపోతే చెప్పులు తొడుక్కునే కూర్చున్నారు.