అమ్మ పాసైందా, చేనంత పాసైందా?

పొద్దుగాల ఓపెన్ స్కూల్ పదో తరగతి ఫలితాలొచ్చినయి. మాయమ్మ పాసైంది! లడ్డూల డబ్బా పట్టుకోని, ఉప్పునుంతల కాడ ఆమె పత్తి గింజలు పెడుతున్న చేనుకే ఉరికిన.

పోయినేడు పత్తి ఏరేటప్పుడు అమ్మ ఆన్‌లైన్ క్లాసు స్పీకర్‌ల పెట్టి, ఫోను నడుముకు కట్టిన పత్తి ఒడిల ఏస్కునేది. కైకిలోళ్లందరు పాఠం ఇనుకుంటనే పత్తి ఏరిన్రు. గందుకే నేను చెప్పంగనె "మనం పాసైనం!" అని చేన్ల ఉన్నోళ్లందరిది ఒక్కటే లొల్లి. డబ్బా అమ్మ చేతికి రాకముందే సగం ఖాళీ.

అమ్మకు కోపమొచ్చింది. "లెక్కలల్ల జరంతల ఫెయిలు తప్పింది. ఆ క్లాసప్పుడు మీ కోడండ్ల ముచ్చట్లు ఆగినయా?"

పక్క సాలుల ఉన్న లచ్చమ్మత్త లడ్డు నములుకుంట అన్నది: "మరి సోషల్‌ల గన్ని మార్కులెట్లొచ్చినయే? అప్పుడు మేం నోరు మూసుకున్నం కద!"

అమ్మ డబ్బా మూత గట్టిగ పెట్టింది. లచ్చమ్మత్త నాదిక్కు తిరిగింది: "బిడ్డా, ఇంటర్ క్లాసులు ఎప్పటిసంది? ఈసారి ఫోను నా ఒడిల పెట్టు. మీయమ్మ సక్కగ ఇంటలేదు."

మెమోల పేరైతె అమ్మదొక్కదే. ఇంకో డబ్బా తేవాల్నా వద్దా, మీరే చెప్పున్రి.