అమ్మమ్మ పేరు మీది కంట్రోల్ బియ్యం

మా మనవడు కోపమొస్తే కళ్ళు మూసుకుని 'కంట్రోల్, కంట్రోల్' అని తనకు తానే చెప్పుకుంటాడు. బడిలో నేర్పారట. నాకు నవ్వూ రాదు, ముచ్చటా వేయదు. ఈ వయసులో ఆ మాట చెవిన పడితే కాళ్ళు గుంజుతాయి. ఎండలో వరుసలో నిలబడ్డ కాళ్ళు కదా, వాటికి ఇంకా గుర్తుంది.

నేను మొదట ఆ మాట విన్నది బాపు నోట, మా నాన్న నోట. ఆయన ఫలక్‌నుమా స్టేషన్‌లో కాంటేవాలా. బండి ఏ పట్టాల మీదికి పోవాలో చూసి కాంటా మార్చడం ఆయన పని. నేను అన్నం గిన్నె తీసుకుని పోయినప్పుడు మాస్టరు గదిలో టెలిఫోన్ మోగేది. "కంట్రోల్ నుంచి" అనగానే అందరూ మాటలాపేవారు. బండి ఆగాలన్నా కదలాలన్నా కంట్రోల్ చెప్పాలి. ఎక్కడో కుర్చీలో కూర్చున్న పెద్ద దొర పేరే కంట్రోల్ అనుకున్నాను చాలా రోజులు. బాపును పండుగ నాడు ఇంట్లో ఉండనివ్వనిది ఆ దొరే. ఆయన మీద నాకు మస్తు కచ్చగా ఉండేది.

జర్మనీతో యుద్ధం వచ్చాక ఆ దొర మా గల్లీకే దిగివచ్చాడు. జహనుమాలో మా గల్లీ మొదట్లో, కార్డు చూసి సర్కారు బియ్యం కొలిచిచ్చే కంట్రోల్ దుకాణం తెరిచారు. కొన్నాళ్ళకు దుకాణం అన్న మాట రాలిపోయి కంట్రోల్ ఒక్కటే మిగిలింది. 'కంట్రోల్ వచ్చిందా?' అంటే బియ్యం వచ్చిందా అని. 'కంట్రోలే వండినవా?' అంటే మళ్ళీ ఆ ముక్కిపోయిన నూకలేనా అని. ముతక చీర కంట్రోల్ చీర అయింది. పక్కింటామె తన చిన్నల్లుణ్ణి 'కంట్రోల్ అల్లుడు' అనేది, ఏదో దొరికింది, తెచ్చుకున్నాం అన్నట్టు. అందరం నవ్వుకునేవాళ్ళం. ఆకలి మీద కూడా నవ్వొస్తుంది, ఎక్కువసేపు నిలవదు అంతే.

ఇంట్లో ఎందరుంటే అన్ని పేర్లు కార్డు మీద, పేరుకింత అని బియ్యం. మా కార్డులో అమ్మమ్మ పేరూ ఉండేది. మా అమ్మను కన్న తల్లి, మా దగ్గరే ఉండేది. అమ్మకు నెలలు నిండుతుంటే, "కొడుకును ఒక్కసారి చూసి కాన్పుకు అందుకుంట" అని ఊళ్ళో ఉన్న మా మేనమామ దగ్గరికి పోయింది. అమ్మకు కాన్పయిన తొమ్మిదో రోజు అక్కడి నుంచి ఒక మనిషి వచ్చాడు. జ్వరంతో అమ్మమ్మ పోయిందనీ, దహనం కూడా అయిపోయిందనీ చెప్పి వెళ్ళాడు.

అమ్మ చంటిపిల్లను పక్కన పడుకోబెట్టి నోరు తెరిచింది. మాలో తల్లి పోతే బిడ్డ శోకం తీసి ఏడవాలి. పిలుస్తూ, ఆమె చేసినవన్నీ చెప్పుకుంటూ, గల్లీ అంతా వినేట్టు. అది విని ఆడవాళ్ళు వస్తారు, మెడమీద పడి కలిసి ఏడుస్తారు. అట్లా ఏడిస్తేనే పోయినవాళ్ళు పోయినట్టు.

బాపు గబగబా తలుపు వేశాడు.

"లొల్లి చెయ్యకు. ఎవరికన్న ఇనవడితే పేరు కొట్టేస్తరు."

"నన్ను కన్న అవ్వనయ్యా," అన్నది అమ్మ.

"నాకెరుకే. నువ్వు పిల్లకు పాలియ్యాలె గదా. ఆ గిన్నెడు బియ్యం లేకుంటే ఎట్ల?"

అమ్మ చంటిదాని వైపు చూసింది. కొంగు ముద్దచేసి నోట్లో కుక్కుకుంది. నాకప్పుడు పన్నెండేళ్ళు. ఏడుపు అట్లా వెనక్కి లోపలికి పోవడం అంతకు ముందెప్పుడూ చూడలేదు. ఆ పూట బాపు మీద వచ్చిన కోపం చాలా ఏళ్ళు ఉంది. ఆయన మాత్రం ఏం చేస్తాడు అని ఇప్పుడు అనిపిస్తుంది, అయినా పూర్తిగా పోలేదు.

బియ్యానికి నిలబడేది నేనే. దుకాణం ముసలాయన మంచివాడు. కార్డు చూసి ప్రతిసారీ, "నానీ కైసీ హై, బేటీ?" అని అడిగేవాడు. "అచ్ఛీ హై," అనేదాన్ని. వెనక నిలబడ్డ మా గల్లీ ఆడవాళ్ళు ఏమీ అనేవాళ్ళు కాదు. ఆ ముసలాయన ఒక్కసారైనా అడగడం మరిచిపోతే బాగుండునని దారి పొడుగునా అనుకునేదాన్ని. చచ్చిపోయిన అమ్మమ్మను బాగుందని చెప్పి చెప్పి విసిగిపోయాను.

బియ్యం తెచ్చాక అమ్మ ముందుగా అమ్మమ్మ కంచు గిన్నెతో ఆమె వంతు కొలిచి పక్కన పెట్టేది. కాసేపు అట్లాగే చూసి, మళ్ళీ అందరి బియ్యంలో కలిపేసేది. వంట చేస్తూ కూనిరాగాలు తీసే మనిషి, ఆ కబురు వచ్చినప్పటి నుంచి అవి మానేసింది.

చంటిది నడక నేర్చింది, దానికి మాటలు కూడా వచ్చాయి. అప్పుడు కొత్త కార్డులు రాయడానికి ఒక మున్షీ గల్లీలోకి వచ్చాడు. గడప ముందు నిలబడి పేరు చదువుతాడు, ఆ మనిషి బయటికి వచ్చి కనబడాలి. అమ్మమ్మ పేరు చదివాడు.

"ఊరికి పోయింది సాబ్, ఎల్లుండి వస్తది," అన్నాడు బాపు.

మున్షీ రాసుకోబోయాడు. ఎల్లుండి వస్తుందన్న మాటను అమ్మ తట్టుకోలేకపోయింది.

"రాదు సాబ్. మా అవ్వ సచ్చిపోయింది."

అని గడప మీదే కూలబడి, "ఓ నా అవ్వా" అని శోకం తీసింది. ఆ గొంతు అమ్మదని నేను పోల్చుకోలేకపోయాను. బాపు గోడకు ఆనుకుని నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు.

గల్లీ ఆడవాళ్ళు చేతిలో పని చేతిలోనే వదిలి ఉరికొచ్చారు. ఎప్పుడు పోయిందని ఒక్కరూ అడగలేదు. పక్కింటామె అమ్మ మెడ చుట్టూ చేతులు వేసింది.

"ఏడ్వు బిడ్డా, ఏడ్వు. మాకెప్పుడో ఎరుకే. నీ నోట ఎప్పుడొస్తదా అని చూస్తున్నం."

మున్షీ తల వంచుకుని అమ్మమ్మ పేరు మీద గీత గీశాడు.

చావు జరిగిన ఇంట్లో ఆ రోజు పొయ్యి వెలిగించరు, చుట్టుపక్కల వాళ్ళే వండి తెస్తారు. మా ఇంటికీ తెచ్చారు, రెండేళ్ళు ఆలస్యంగా. నాలుగైదు ఇళ్ళ గిన్నెలు అమ్మ ముందు పెట్టారు. అన్నింట్లోనూ అదే కంట్రోల్ అన్నం, ఎవరి వంతులోంచి వాళ్ళు తీసి వండింది. అమ్మ ముఖం కడుక్కుని, పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, కడుపు నిండా తిన్నది.