నారప్ప చదివిన యోసేపు

నారప్ప పొలం నరసింహప్ప పొలం కావడానికి రెండు కరువులూ కొంత విత్తనమూ సరిపోయాయి. ఎనభైల నడుమ సంగతి ఇది. మొదటి ఏడు వాన మొహం చాటేసింది, వేసిన వేరుశనగ మొలకలోనే మాడిపోయింది. నారప్ప తన ఎద్దుల జతను నరసింహప్ప కొట్టంలో కట్టేసి విత్తనం కాయ తెచ్చుకున్నాడు. రెండో ఏడూ అంతే. ఈసారి కట్టడానికి ఎద్దులు లేవు కాబట్టి పొలం రాసిచ్చాడు.

"ఊరికే నమ్మకానికప్పా. ఇత్తనం తిరిగిచ్చిన పొద్దు కాగితం చించేస్తా," అన్నాడు నరసింహప్ప.

మాది కర్ణాటక వైపు కాబట్టి పావగడలో రాయించిన ఆ కాగితం కన్నడంలో ఉంది. నారప్ప చిన్నప్పుడు ఆంధ్రా వైపు మడకశిర దగ్గర మేనమామ ఇంట్లో ఉండి చదువుకున్నాడు. ఆయనకు చదవడం వచ్చింది తెలుగు మాత్రమే. అయినా చదువుకున్నవాడు కాబట్టి వేలిముద్ర వేయలేదు. దర్జాగా తెలుగులో సంతకం పెట్టి, పొలం అమ్మేసిన సంగతి తెలియకుండానే ఇల్లు చేరాడు.

మూడో ఏడు వాన వచ్చింది. విత్తనం తిరిగివ్వబోతే నరసింహప్ప ఎంతో జాలిపడి, అమ్మిన పొలాన్ని మళ్ళీ అడగడం మర్యాద కాదని చెప్పి, ఆ పొలాన్నే నారప్పకు కోరుకు ఇచ్చాడు. కోరంటే దున్నడం, విత్తడం, కలుపు తీయడం ఒకరివి. పంటలో సగం ఇంకొకరిది. అంతకుముందు నారప్ప ఆయన్ని "అన్నా" అని పిలిచేవాడు. అప్పటినుంచి "సామీ" అన్నాడు. ఊరు నరసింహప్పను ధర్మాత్ముడంది.

తొంభైల మొదట్లో మా ఊరి చివర ప్రార్థనలకు ఒక రేకుల షెడ్డు లేచింది. పాస్టరు బోరయ్య. బాప్తిస్మంలో ఆయనకు వేరే పేరు పెట్టారట గాని ఊరు దాన్ని ఖాతరు చేయలేదు. మా వైపు అందరిదీ ఒకటే తంతు: ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడం. బోరయ్య తెలుగులో గంటలకొద్దీ ప్రసంగించగలడు, తెలుగులో ఒక్క అక్షరం చదవలేడు. అనంతపురం నుంచి ఎవరో పుణ్యాత్ములు పంపిన పెద్ద తెలుగు బైబిలు మాత్రం బల్ల మీద కొలువై ఉండేది. అందుకని నారప్ప అవసరం పడింది. నుదుట నామం పెట్టుకుని, శనివారం ఒక్కపొద్దు ఉండి, ఆదివారం షెడ్డులో బైబిలు చదివేవాడు.

"మతం మారినావా మామా?" అని అడిగితే, "చదివేదానికి మారాల్నా? పోస్టుమాను ఎన్ని ఇండ్ల ఉత్తరాలు పంచడూ!" అనేవాడు.

ఊళ్ళో అచ్చు తెలుగు దొరికే చోటు అదొక్కటే కాబట్టి నేనూ వెళ్ళి పక్కన కూర్చునేవాణ్ణి. తెలుగు అక్షరాలు నాకు పట్టుబడింది ఆయన వేలి వెంటే.

చదివి ఊరుకుంటే బాగుండేది. నారప్పకు అర్థం చెప్పే జబ్బు కూడా ఉంది. ఒక ఆదివారం విత్తేవాడి ఉపమానం వచ్చింది. కొన్ని విత్తనాలు దారిలో పడ్డాయి, కొన్ని రాతినేల మీద, కొన్ని ముళ్ళలో. మన హృదయమే ఆ నేల అని బోరయ్య మొదలుపెట్టేలోపు నారప్ప, వేలు వరస మీదే ఉంచి, తలెత్తాడు.

"ఆ ఇత్తనం ఆయప్పది గాదులే అయ్యగారూ."

"అట్లని యాడ రాసుండాది?"

"సొంత ఇత్తనమైతే దావలో పోస్తాడా? గొర్రు ఎనకాల పోతా పోతా మా కెంచి ఒక్క గింజ పక్కన బడినా వంగి ఏరి సాల్లో ఏస్తాది."

వెనక వరసలో ఉన్న ఆయన భార్య కెంచమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఇంకోసారి పక్షుల సంగతి. అవి విత్తవు, కోయవు, అయినా దేవుడు వాటిని పోషిస్తున్నాడు, మీకెందుకు దిగులు అని బోరయ్య కళ్ళు మూసుకుని చెబుతున్నాడు.

"దేవుడు గాదు, నేను పోషిస్తాండా," అన్నాడు నారప్ప. "ఇత్తిన మర్నాడు వచ్చి చూడండి, సాలు పొడుగునా కాకులే. పని చేయవు, దిగులు పడవు, తింటాయి. మా సామి మాదిరి."

షెడ్డంతా నవ్వింది. ఆ నవ్వు నరసింహప్ప చెవిన పడే ఉంటుంది. కూలివాళ్ళు నవ్వుకుంటే ఆయనకు పోయేదేముంది?

ఆ ఏడు క్రిస్మస్‌కు నరసింహప్పే ముఖ్య అతిథి. ఆయన క్రైస్తవుడు కాడు గాని షెడ్డు రేకులు ఆయనవి. నారప్ప పెరికిన వేరుశనగ ఇంకా కళ్ళంలో వామి వేసే ఉంది, పంపకం కాలేదు. బోరయ్య అతిథికి శాలువా కప్పి యోసేపు కథ ఎత్తుకున్నాడు. రాబోయే ఏడేళ్ళ కరువును ముందే పసిగట్టి, ధాన్యం దాచి, కరువు రాగానే కొట్లు తెరిచి ఐగుప్తు జనాన్ని బతికించిన యోసేపు. నారప్ప అంతవరకూ చదివాడు.

"ఈ కాలం యోసేపు యాడుండాడు?" అని బోరయ్య చెయ్యెత్తాడు. "కరువులో మనకు ఇత్తనమిచ్చినోడు, మన నరసింహప్పన్న, ఈడనే ఉండాడు!"

చప్పట్లు. నరసింహప్ప శాలువా సర్దుకుంటూ ఔనన్నట్టు తల ఊపాడు.

నారప్ప పుస్తకం మూయలేదు. పేజీలు తిప్పాడు.

"ఇంగా ఉండాది అయ్యగారూ."

"చాల్లేప్పా, అన్నాలకు పొద్దు పోతాండాది."

"కొట్లు తెరిసినాక ఏం జరిగిందో చెప్పకుంటే యోసేపుకు అన్యాయం గదా?"

"చదవనీ," అన్నాడు నరసింహప్ప. పొగడ్త ఇంకా మిగిలి ఉంటే ఎవరు వదులుకుంటారు?

నారప్ప చదివాడు. జనం దగ్గరున్న డబ్బు అయిపోయింది. తర్వాత పశువులను తోలుకొచ్చి ఇచ్చి తిండి తీసుకున్నారు. మరుసటి ఏడు వచ్చి, ఒళ్ళూ నేలా తప్ప మాకేమీ మిగల్లేదు, రెండూ తీసుకుని విత్తనాలివ్వమన్నారు. యోసేపు దేశంలోని పొలమంతా రాజు పేరిట కొనేశాడు. యాజకుల పొలాలు మాత్రం ముట్టుకోలేదు. ఇక్కడ బోరయ్య గొంతు సవరించుకున్నాడు. షెడ్డు స్థలం కూడా నరసింహప్ప ఇచ్చిందే.

"ఇది మన కతే గదమ్మా," అంది ఒక ముసలామె.

"అప్పుడే రాసి పెట్టినారే!" అని నరసింహప్ప కూడా ముచ్చటపడ్డాడు. ఎద్దులు, పొలం, ఒళ్ళు, అన్నీ వరస తప్పకుండా దేవుడి పుస్తకంలో ఉన్నాయి. తప్పు చేశానేమోనన్న అనుమానం ఆయనకు ఎప్పుడైనా కలిగి ఉంటే, అది ఆ నిమిషంలో తీరిపోయి ఉంటుంది.

అక్కడితో ఆపి ఉంటే అందరం సుఖంగా అన్నాలకు లేచేవాళ్ళం. నారప్ప ఆపలేదు. యోసేపు ఆ జనానికి విత్తనాలిచ్చి, పంటలో ఐదో వంతు రాజుకు కొలవండి, నాలుగు వంతులు మీవే, విత్తనానికీ మీ పిల్లల తిండికీ ఉంచుకోండి, అన్నాడు.

"ఐదింట్లో ఒకటేనా?" కెంచమ్మ గొంతు.

"ఒకటే. నాలుగు మనకి."

నారప్ప లేచి చేతులు కట్టుకున్నాడు. ఎగతాళి మొదలుపెట్టాడనుకుని నేను సంబరపడ్డాను. కాదు, మనిషి నిజంగానే అడుగుతున్నాడు. ఒకసారి చదవలేని కాగితాన్ని నమ్మి పోగొట్టుకున్నాడు; ఇది తాను చదవగలిగిన కాగితం, పైగా ఊరంతా విన్నది.

"సామీ, అయ్యగారు మిమ్మల్ని యోసేపన్నారు. మీరు ఔనని తలూపితిరి. కాయ ఇంకా పంచలేదు. ఐదు కుప్పలు పోస్తా. ఒకటి మీది."

నరసింహప్ప నవ్వాడు. "అది ఐగుప్తు గదప్పా. ఆడ ఏరు పారతాది. ఈడ ఏం పారతాది?"

"ఏరుంటే వాళ్ళకి కరువెందుకొచ్చె సామీ?"

నరసింహప్ప బోరయ్య వైపు చూశాడు. బోరయ్య పైరేకుల వైపు చూశాడు.

"దీన్ని ఆత్మీయంగా అర్థం చేసుకోవాల నారప్పా. ఐదో వంతంటే మన మనసులో దేవునికిచ్చే భాగం."

"అట్లయితే సామి తీసుకునే సగం కూడా మనసులోనే తీసుకోమను," అంది కెంచమ్మ.

వెంటనే ప్రార్థన చేశారు. అన్నాలు తిన్నారు.

నారప్ప మాత్రం అన్నంత పనీ చేశాడు. కాయ కొట్టడం అయ్యాక కళ్ళంలో ఐదు కుప్పలు పోసి, సామి కుప్ప ఇది అని ఒకదాని చుట్టూ బూడిద గీశాడు. నరసింహప్ప బండితో వచ్చాడు. అరవలేదు, తిట్టలేదు. ఐదింటినీ కలిపించి, రెండు చేయించి, ఒకటి ఎత్తించుకున్నాడు.

"వచ్చే ఏడు చేను కదిరయ్య చేస్తాడులే నారప్పా," అన్నాడు వెళ్తూ. "నువ్వు చదువుకో."

ఒక మనిషిని పొలంలోంచి అంత మర్యాదగా గెంటడం నేను మళ్ళీ చూడలేదు.

షెడ్డులోనూ శాంతి నెలకొంది. తెలుగు బైబిలును గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టారు. కన్నడ బైబిలు వచ్చింది, దాన్ని బోరయ్యే చదువుతాడు. అందులోని పెద్ద కన్నడం వినేవాళ్ళకు సగం తలకెక్కదు కాబట్టి గొడవలేమీ లేవు. యోసేపు కథ ప్రతి ఏడూ చెబుతారు. కొట్లు తెరిచిన చోట ఆపేస్తారు.

ఆ వేసవిలో నారప్ప పావగడ బస్టాండులో కనబడ్డాడు. ఒళ్ళో సంచి, నుదుట నామం. దొడ్డబళ్ళాపురం దగ్గర ఇటుకల బట్టీలో పనికి పోతున్నాడు. కెంచమ్మ పక్కనే ఉన్న అరసికెరె వైపు కూలికి పోతూ ఊళ్ళోనే ఉండిపోయింది. నాకు ఒళ్ళు మండింది.

"ఆ పుస్తకాన్ని నమ్మి ఉన్న కోరు కూడా పోగొట్టుకుంటివి గదా మామా. ఇంతకీ ఆ యోసేపు మంచోడా, చెడ్డోడా? అదన్నా తేలిందా?"

"ఆ కత అయిపోయినాక ఏమైందో చదివినావా నువ్వు?"

"లేదు."

"చదువు. యోసేపు సచ్చినాక కొన్నాళ్ళకి కొత్త రాజొచ్చినాడు. యోసేపు వంశమోళ్ళను పట్టి ఇటుకల పనికి తోలినాడు. ఊరోళ్ళ నేలంతా కొన్నోడి పిల్లోళ్ళు ఆ నేలలోనే మట్టి తొక్కినారు."

బస్సు కదిలేటప్పుడు కిటికీలోంచి తల బయట పెట్టాడు.

"నేను ముందు పోయి పని నేర్చుకోనుంటాలేప్పా. నరసింహప్ప మనమండ్లు వస్తే ఎవురో ఒకరు నేర్పించాల గదా."