వెర్లన్ దగ్గర పరీక్ష తప్పినవాళ్లు లేరు

పశ్చిమ టెక్సాస్‌లో మా ఊరి పత్తి జిన్నింగ్ మిల్లు వెనక, తూటాల్ని ఆపే మట్టికట్ట దగ్గర వెర్లన్ టీగ్ చాలా ఏళ్లు తుపాకీ నేర్పాడు. అప్పట్లో పిస్తోలు దాచుకుని తిరగాలంటే లైసెన్సు ఉండాల్సిందే. అది కావాలంటే ముందు ఆయన క్లాసులో కూర్చోవాలి, తర్వాత ఆయన కళ్లముందు కాల్చి చూపించాలి. ట్రిగ్గర్ మీద అనవసరంగా వేలు పెడితే మేయర్ మీదైనా పేరు పెట్టి అరిచేవాడు. అంత కచ్చితమైన మనిషి జిల్లాలో లేడనుకునేవాళ్లం.

ఆయన భార్య నదీన్, నేను బడి వంటగదిలో కలిసి పనిచేసేవాళ్లం. శనివారం క్లాసుకొచ్చినవాళ్లకి మాంసం శాండ్‌విచ్‌లు, ఉడికించిన బీన్సు పంపేది ఆవిడే. తను మాత్రం ఎన్నడూ తుపాకీ ముట్టలేదు. ఒక వేసవిలో జబ్బుపడ్డ చెల్లెల్ని చూడడానికి లబ్బక్ వెళ్లొస్తుంటే దారిలో కారు ఆగిపోయింది. ఎవడో వచ్చి అద్దం మీద పిడికిలితో బాదాడట. మర్నాడే మొగుడి క్లాసులో పేరు రాయించుకుంది. పరీక్ష రోజు నేను తోడు వెళ్లాను.

నదీన్ కాల్చింది. కాల్చినప్పుడల్లా వెనక కట్టమీద దుమ్ము లేస్తోంది. కాగితం మీది మనిషి బొమ్మకి భుజం అంచున ఏవో కాసిని చిల్లులు పడ్డాయి, అంతే. వెర్లన్ వెళ్లి, మాకు వీపు పెట్టి కాసేపు నిలబడి, కాగితం చుట్టేశాడు.

"పాసయ్యావు."

"పాసా? ఎలా?"

"మొదటిసారి కదా. చాల్లే."

"వెర్లన్, నేను కళ్లు మూసుకుని కాల్చాను!"

"చాలామంది మూసుకుంటారు."

"చాలామందా? వాళ్లందర్నీ పాస్ చేశావా?"

ఆయన చుట్టిన కాగితం చంకలో పెట్టుకున్నాడు. నా హ్యాండ్‌బ్యాగులో పిస్తోలు ఉంది, ఆయన సంతకంతో వచ్చిన లైసెన్సు ఉంది. ఆ బ్యాగు తగిలించుకుని కొట్టుకీ, చర్చికీ తిరుగుతున్నాను.

నదీన్ నా వైపు తిరిగింది. "ఏమే, నీ కాగితం నువ్వు చూసుకున్నావా?"

"లేదే. ఈయనే చుట్టి పట్టుకుపోయాడు. భేష్ అన్నాడు."

"ఏదీ, ఇప్పుడు కాల్చు."

కాల్చాను. ఒకటి కాగితం పట్టుకున్న కర్రలో దిగింది. మిగతావి ఎటు పోయాయో దేవుడికే తెలియాలి. బొమ్మ చెక్కుచెదరలేదు.

వెర్లన్ తన ట్రక్కు వెనక తలుపు దించి దానిమీద కూలబడ్డాడు.

"లర్లీన్ పైక్ గుర్తుందా?"

ఎవరికి గుర్తుండదు? బట్టలుతికే దుకాణం ముందు ఆమెను మాజీ మొగుడు కాల్చి చంపాడు. ఊరంతా వెళ్లి మట్టి వేసొచ్చింది.

"అంతకు ముందు వారం నా దగ్గరికొచ్చింది. గురి కుదర్లేదు. ఇంకా ప్రాక్టీసు చేసి రమ్మన్నాను. బతిమాలింది, 'వాడు ఆగడు మిస్టర్ టీగ్' అంది. రూలు రూలే అన్నాను. ఆ తర్వాత ఎవరికీ తప్పావని చెప్పలేకపోయాను. నోరు రాలేదు."

నదీన్ నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. ఇన్నేళ్లూ ఒకే మంచం మీద పడుకున్న మనిషి ఆమెతో ఈ ముక్క అనలేదు. ఆవిడ ట్రక్కు దగ్గరికి నడిచింది.

"లర్లీన్ కోసం నేనూ ఏడ్చాను. అందుకని గురి రానివాళ్లందరికీ సంతకాలు పెట్టేస్తావా? కిరాణా కొట్లో ఇది కాలిస్తే," అని నన్ను చూపించింది, "ఆ గుండు ఎవడి బిడ్డకి తగులుతుంది?"

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఆ వారమంతా వెర్లన్ గుర్తున్నవాళ్లకల్లా ఫోన్లు చేశాడు. డబ్బు కట్టక్కర్లేదు, వచ్చి మళ్లీ నేర్చుకోమన్నాడు. దాణా కొట్టు హోబర్ట్ అయితే "లైసెన్సు వచ్చాక మళ్లీ పరీక్షేంటి, ఎండదెబ్బ తగిలిందా?" అని పెట్టేశాడట. కొందరు తిట్టారు. వచ్చింది గుప్పెడుమందిమి.

మరుసటి శనివారం నదీన్ మళ్లీ కాల్చింది. వెర్లన్ ఈసారి కాగితం విప్పి ఆమె చేతికే ఇచ్చాడు. "తప్పావు నదీన్," అని కూడబలుక్కుని చెప్పాడు. ఆవిడ తలూపి, మళ్లీ తూటాలు నింపుకుని, నా పక్కన మళ్లీ నిలబడింది. నేనూ తప్పాను. చలికాలానికి ఆవిడ పాసైంది. నాకు ఇంకా ఆలస్యమైంది. అప్పటిదాకా నా పిస్తోలు బీరువాలోనే ఉంది.

మళ్లీ నేర్చుకోవడానికి రానివాళ్లు ఊళ్లోనే ఉన్నారు. కిరాణా కొట్లో క్యూలో నిలబడ్డప్పుడు ముందున్నవాడి చొక్కా కింద పిస్తోలు ఉబ్బు కనిపిస్తే, నా కళ్లు వెంటనే చుట్టుపక్కల పిల్లలెక్కడున్నారో వెతుకుతాయి.