ఆముదం తలకి తీగలు

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో రాజమండ్రిలో ఒక నరాల డాక్టరుగారి దగ్గర నేను ఈఈజీ తీసేవాడిని. తలకి తీగలంటించి, మెదడులో పుట్టే కరెంటుని గీతలుగా దింపడం నా పని. వచ్చినవాళ్లందరూ నన్ను కూడా డాక్టరుగారనే పిలిచేవారు. కాదని చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. అనుకోవడంతోనే సరిపోయేది.

మా డాక్టరుగారికి విదేశీ పత్రికల పిచ్చి. ఎక్కడో తీగల్ని వెంట్రుక కంటే సన్నగా, మెత్తగా చేస్తున్నారట. పుర్రె లోపల మెదడు మీదే వాటిని పరిస్తే ఏళ్ల తరబడి రికార్డు చేస్తాయట. "మెదడు జున్నయ్యా. జున్నులో మేకు దింపితే ఊరుకుంటుందా? తీగ కూడా దానితో పాటు వంగాలి" అనేవారు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరినట్టు, పుర్రె పైన ఒక్క రోజు తీగ నిలబెట్టలేని చోట ఈ కబుర్లు.

నిలవకపోవడానికి కారణం ఆముదం. మా వైపు తలలో జబ్బంటే వేడి అనే లెక్క. డాక్టరు దగ్గరికి బయల్దేరే ముందు మాడుకి ఇంత ఆముదం పెట్టనిదే ఇంట్లో పెద్దవాళ్లు గడప దాటనివ్వరు. తలకి నూనె రాసుకుని రాకూడదని నేను గోడకి బోర్డు పెట్టాను. అది చదవాలంటే ముందు ఆస్పత్రికి రావాలి కాబట్టి, రాసుకుని వచ్చిన వాళ్లే శ్రద్ధగా చదివేవారు.

కడియం నర్సరీలో అంటు కట్టే ఆవిడ అలాగే వచ్చింది. మొక్కల మధ్య ఒకసారి కళ్లు తిరిగి పడిపోయిందని యజమాని ఆవిడ చేతిలో అంటు కోసే కత్తి తీసుకుని నీళ్లు పోసే పనిలో పెట్టాడు. మూర్ఛ లేదని డాక్టరు కాగితం ఇస్తే కత్తి తిరిగి ఇస్తానన్నాడు. ఇరవై ఏళ్లుగా మామిడి, సపోటా అంటు కట్టిన చెయ్యి ఆవిడది. నీళ్లు పొయ్యడానికి ఎవరైనా చాలంది.

తల కడిగించి, తీగలంటించి, పైన కట్టు కట్టి, రికార్డరు నడుముకి కట్టి ఇంటికి పంపాను. మర్నాడు వచ్చేసరికి సగం తీగలు చెవుల దగ్గర వేలాడుతున్నాయి. కట్టు కింద వేలు పెట్టి అత్తగారు మళ్లీ ఆముదం పెట్టారట. పాపం, కోడలి మీద ప్రేమతోనే. గీతలు చూసి డాక్టరుగారు నావైపు తిరిగారు.

"ఇది మెదడు కాదయ్యా. ఆముదాన్ని రికార్డు చేశావు."

ఆ రోషంతో రెండోసారి తలపాగాలాగా బ్యాండేజీ బిగించాను. ఆవిడ కాసేపు ఓర్చుకుని, సంచిలోంచి అంటుకి చుట్టే ప్లాస్టిక్ పట్టీ తీసింది.

"ఇంత బిగిస్తే నిలవదండి. కొమ్మ లావయ్యేకొద్దీ కట్టూ సాగాలి. లేపోతే కోసుకుపోద్దండి."

నేను చూస్తుండగానే నా బ్యాండేజీ విప్పేసి, అద్దంలో చూసుకుంటూ ఆ పట్టీతో తన తల తానే కట్టుకుంది. డాక్టరుగారు పత్రికలకి చందా కట్టి తెప్పించుకున్న విద్య ఇదేనని నాకు అర్థమైంది గాని, ఆయనకి చెప్పే ధైర్యం లేకపోయింది. ఈసారి అత్తగారి వేలు దూరడానికి సందు లేదు. ఇరవైనాలుగు గంటలూ ఒక్క తీగ కదల్లేదు.

నా సర్వీసులో అంత శుభ్రమైన రికార్డు రాలేదు. అందుకే అందులో మూర్ఛ కూడా అంత శుభ్రంగా కనపడింది. పైకి తెలియని చిన్నచిన్నవి, పగలే, నాలుగుసార్లు. నా చేత్తో కట్టి ఉంటే తీగలు ఊడిపోయేవి, ఆవిడకి ఏమీ లేదనేవాళ్లం. ఆ మాట ఇప్పటికీ నన్ను తొలుస్తుంది.

డాక్టరుగారు మాత్రలు రాసి, కత్తి ముట్టుకోవద్దన్నారు. ఆవిడ ఏడవలేదు. బయటికొచ్చాక నన్ను అడిగింది.

"కొయ్యడం వేరేవాళ్లు కోస్తారండి. కట్టడానికి కత్తి అక్కర్లేదు కదండీ. ఆ ముక్క కాగితంలో పడుద్దాండీ?"

రిపోర్టు రాసేది నేనే. సంతకం మాత్రం ఆయనది. చివర, సంతకానికి ఉంచిన ఖాళీకి పైన, అంటు కట్లు కట్టడానికి అభ్యంతరం లేదని స్పష్టంగా రాశాను. ఏ ఈఈజీలోనూ తేలే సంగతి కాదది. మా డాక్టరుగారు గీతలు చదువుతారు గాని అక్షరాలు చదవరు. సంతకం పెట్టేశారు.