కలిపి రాసిన గుర్రపుడెక్క

రేసుల మైదానంలో ఆయన్ను చిన్నా పెద్దా అందరూ మైకు బాబాయి అనే పిలిచేవారు. స్టాండు కప్పు మీద, పావురాలకు పక్కవాటాగా, ఒక చిన్న అద్దాల గది ఉంది. మెడలో బైనాక్యులర్స్ వేలాడేసుకుని ఆ గదిలో కూర్చుని, గేట్లు తెరుచుకున్న క్షణం నుంచి గెలుపు గీత దాకా గుర్రాల పరుగును మాటలతో వెంటాడడం ఆయన ఉద్యోగం. మొదటి మలుపు దాకా పొరుగింటి కబురు చెబుతున్నట్టు చెప్పేవాడు. రెండో మలుపులో గొంతు లేచేది. ఆఖరి మలుపు తిరిగాక ఊపిరి ఎక్కడ పీల్చేవాడో, అసలు పీల్చేవాడో లేదో, ఎవరికీ అంతుపట్టేది కాదు. ఆ గొంతుకు భయపడే గుర్రాలు వేగం పెంచుతాయని లాయంలో ఒక నమ్మకం ఉండేది.

ఆ మనిషే ఇంటికొస్తే, ఉప్పు కావాలన్నా వేలితో చూపించేవాడు.

ఆయన భార్య మైదానంలో ఏనాడూ అడుగు పెట్టలేదు. ఆవిడ మేనమామ ఒకాయన పందేలకు బలైపోయి నలుగురిలో నవ్వులపాలయ్యాడు. "అన్నం పెట్టే ఉద్యోగం కనక మిమ్మల్ని మానమనను. నన్ను మాత్రం రమ్మనకండి" అని పెళ్లయిన కొత్తలోనే తేల్చేసింది. ఎవరైనా మీవారేం చేస్తారని అడిగితే, "క్రీడల్లో ఉన్నారు" అనేది. ఏం ఆడతారని మళ్లీ అడిగితే, "ఆడరు, అరుస్తారు" అని తలుపేసుకునేది.

ఆవిడకూ ఒక యుద్ధం ఉంది. కాలవగట్టు ఇళ్ల ఆడవాళ్లందరూ కలిసి పెట్టుకున్న సంఘానికి ఆవిడ పెద్ద. కాలవ నిండా ఆకుపచ్చని నీటిమొక్క తెప్పలు తెప్పలుగా అల్లుకుని, దోమలకు పుట్టిల్లయి కూర్చుంది. ఆ మొక్క పుట్టేదేమో రేసుల మైదానం నట్టనడుమ ఉన్న చెరువులో, కాలవలోకి దిగేదేమో అక్కడి పాత తూము గుండా. క్లబ్బువారు ఎన్ని విన్నపాలకైనా 'పరిశీలనలో ఉన్నది' అని ఒకే జవాబు పాడేవారు. ఆ మొక్క పేరు ఎత్తడానికి కూడా ఆవిడ ఇష్టపడేది కాదు. ఇంట్లో దాని పేరు 'ఆ దరిద్రం'.

ఇది ఇలా ఉండగా స్టాండు ఖాళీ అవుతూ వచ్చింది. పళ్లు ఊడినవాళ్లు, పళ్లు ఊడుతున్నవాళ్ల పక్కన కూర్చుని, ఎవరి కుర్చీ ఎప్పుడు ఖాళీ అవుతుందా అని చూసుకునే స్థితి వచ్చింది. క్లబ్బు కార్యదర్శి ఉలిక్కిపడి ఒక ప్రచార సలహాదారును కుదిర్చాడు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదన్నట్టు, చెరువు బాగుచేయడానికి లేని సొమ్ము దీనికి మాత్రం దొరికింది.

సలహాదారు చురుకైన యువతి. పరాయి భాషలో ఆలోచించి, కంప్యూటరు చేత తెలుగు చేయించుకునేది. మొదటి సమావేశంలోనే బల్ల మీద చెయ్యి వేసి, "మన సమస్య గుర్రమండీ" అంది.

కార్యదర్శి తల ఊపాడు. అర్థమైనప్పటికంటే అర్థం కానప్పుడు ఆయన తల మరింత గట్టిగా ఊగేది.

"గుర్రం అనగానే పందెం గుర్తొస్తుంది. పందెం అనగానే ముసలాళ్లు గుర్తొస్తారు. మనకు కావాల్సింది ఆడవాళ్లు, కుర్రాళ్లు, పిల్లలున్న కుటుంబాలు. ఇంతవరకూ ఇటు తొంగి చూడని వాళ్లంతా రావాలి. అందుకని పోస్టర్లో గుర్రం ఉండదు."

"మరి మైదానంలో ఉండొచ్చామ్మా?" అన్నాడు మైకు బాబాయి.

ఎవరూ నవ్వలేదు. మర్నాడే సర్క్యులరు గోడకెక్కింది: 'ఇకమీదట పందెము అను మాటకు బదులు ఉత్కంఠ అనియు, ఓడిన గుర్రము అనుటకు బదులు ఇంకను గెలువవలసియున్న గుర్రము అనియు ప్రకటింపవలెను.' గుర్రం ఓడితే ఓడిందనడానికి కూడా జంకే సంస్థ జనాన్ని ఏం గెలుస్తుంది? ఆఖరి మలుపులో అంత పొడుగు మాట పలికేలోగా ఆ గెలువవలసియున్న గుర్రం లాయంలో గడ్డి తింటూ ఉంటుందని బాబాయి మొత్తుకున్నాడు.

దానికి జవాబుగా కార్యదర్శి ఆయన్ను గదిలోకి పిలిచాడు. సలహాదారు అక్కడే ఉంది. ఆమే మాట అందుకుంది.

"మీ గొంతు మీద గౌరవముంది బాబాయిగారూ. కానీ కొత్తవాళ్లకు కొత్త గొంతు కావాలేమో! అడుగుతున్నానని ఏమనుకోకండి, పిన్నిగారెప్పుడైనా వచ్చి విన్నారా?"

"లేదమ్మా" అన్నాడు బాబాయి.

"అదండీ సంగతి. సొంతింట్లోనే అభిమాని లేరు."

"ఈ ఆదివారం పరీక్ష," అన్నాడు కార్యదర్శి. "కొత్తవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, వచ్చి నిలిస్తే మైకు మీది. లేదంటే మైకు అమ్మాయిగారు చెప్పిన గొంతుకి వెళ్తుంది."

తెలుగు తప్పులు దిద్దేవారు వేరే లేరు కనక పోస్టరు మాత్రం బాబాయి చేతికే వచ్చింది. కొత్తవారిని లాయం దగ్గరికి తీసుకెళ్లి, సాధువైన ఒక గుర్రం కాలెత్తించి, డెక్కను ముట్టుకోనివ్వాలని సలహాదారు పథకం. 'తాకితే బంధం' అన్నది ఆమె సిద్ధాంతం. పోస్టరు నిండా పచ్చరంగు. అన్నట్టే గుర్రం బొమ్మ లేదు. తెల్లని అక్షరాలు: 'గుర్రపు డెక్క! ఇన్నాళ్లూ దూరం నుంచే చూశారు. ఈ ఆదివారం చేత్తో పట్టుకోండి. ఇంటిల్లిపాదీ కదలి రండి. మహిళలకు ప్రత్యేక ఆహ్వానం. పెద్ద మైదానం, తూర్పు గేటు.'

బాబాయి కళ్లజోడు సవరించుకున్నాడు. పచ్చరంగు ఆయనకు కనబడలేదు. మహిళలు కనబడలేదు. గుర్రపు, డెక్క, ఈ రెంటి మధ్య ఖాళీ కనబడింది.

"ఇది సమాసమమ్మా. విడదీయకూడదు. కలిపి రాయాలి."

"విడిగా ఉంటే చదవడం తేలిక కదండీ?"

"తేలికని చెప్పి తలనీ మొండేన్నీ విడిగా పెడతామా?"

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఆమె విసిగిపోయి కలిపేసింది. కలిపి రాస్తే ఆ మాట దేనికి పేరో తెలుగు పుట్టుక పుట్టిన ఎవరికైనా తెలుసు. కానీ జీవితమంతా గుర్రాల కాళ్లు చూసి బతికిన మనిషికి డెక్క అంటే డెక్కే. ఇక ఆ మొక్కంటారా, దాని పేరు దరిద్రం.

ఆ వారం మధ్యలో భార్య అన్నం వడ్డిస్తూ, "ఆదివారం మేమంతా మీ మైదానానికొస్తున్నాం" అంది.

బాబాయి ముద్ద కంచంలో పెట్టేశాడు. "నువ్వా?"

"సంఘం మొత్తం. పోస్టరు చూశాం. ఇన్నాళ్లకు మీవాళ్లకు బుద్ధొచ్చింది."

"పోస్టరు దిద్దింది నేనే!" అన్నాడాయన. ఇంట్లో అంత పెద్ద వాక్యం ఆయన పలికి చాలా కాలమైంది.

"మంచి పని చేశారు. చేతొడుగులు కొనాలి."

"ఎందుకు?"

"ఉత్త చేతుల్తో పట్టుకుంటే దురద పుట్టదూ?"

"దురదేమిటి? శుభ్రంగా కడిగే ఉంచుతారు."

"నీళ్లలో ఉన్నదాన్ని మళ్లీ కడగడమేంటండీ?"

పరుగు అయ్యాక గుర్రాల కాళ్లు నీళ్లలో నానబెట్టే సంగతి ఈవిడకెలా తెలిసిందా అని బాబాయి మురిసిపోయాడు. ఆడవాళ్ల తెలివికి జోహార్లని మనసులో అనుకుని, పెరుగు కలుపుకున్నాడు.

ఆదివారం తూర్పు గేటు దగ్గర జనం బారులు తీరారు. ఆడవాళ్లు, వాళ్ల వెనక మొగుళ్లు, పిల్లలు, కాలేజీ కుర్రాళ్లు. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు. చేతుల్లో కొడవళ్లు, తాళ్లు, గోనె సంచులు, పొడుగాటి కర్రలకు కట్టిన కొక్కేలు. సలహాదారు ఫొటోలు తీస్తూ, "చూశారా ఉత్సాహం! సొంత పనిముట్లతో వచ్చారు" అని కార్యదర్శికి చూపించింది. కార్యదర్శి కొడవళ్లను చూసి తల ఊపాడు.

లాయం ముందు గుర్రాల కాపరి ఒక ఆడగుర్రం కాలు ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు. బాబాయి భార్య ముందుకొచ్చి, ఆ కాలునీ అతన్నీ మార్చి మార్చి చూసింది.

"ఏంటి బాబూ ఇది?"

"గుర్రపు డెక్కమ్మా. పట్టుకోండి, ఏమీ అనదు."

"ఇది గుర్రం కాలు."

"కాలికింద ఉన్నదాన్నే డెక్క అంటారమ్మా."

వెనక ఒకావిడ పకపకా నవ్వింది. "అక్కా, బావగారు మనల్ని గుర్రాలకు గోళ్లు తీయడానికి పిలిపించారే!"

"మరి మా గుర్రపుడెక్క ఎక్కడ?" అని అక్క సలహాదారును నిలదీసింది.

"మీ డెక్క అంటే?"

"అదిగో, మధ్యలో పచ్చగా పరుచుకుని ఉందే, అది."

"అది పచ్చిక కాదా?" అంది సలహాదారు.

ఆ మాటతో సంఘం ఇక ఎవరి అనుమతికీ ఆగలేదు. కొక్కేలు భుజాన వేసుకుని, పరుగు బాట అడ్డంగా దాటి, చెరువు మీదికి నడిచింది. కార్యదర్శి కాపలావాళ్లను కేకేయబోతే సలహాదారు చెయ్యి పట్టుకుని ఆపింది. "ఆపకండి! ఫొటోలో ఎంత బాగున్నారో!"

అద్దాల గదిలో బాబాయికి ఇదేమీ తెలియదు. గుర్రాలు గేట్లలో నిలబడ్డాయి. ఆయన గొంతు సవరించుకున్నాడు. గేట్లు తెరుచుకున్నాయి. ఈవేళ ఆవిడ వింటోందన్న సంతోషంతో మొదటి మలుపు నుంచే స్వరం ఒక మెట్టు పైన పెట్టాడు. స్టాండులో కాలేజీ కుర్రాళ్లు లేచి నిలబడ్డారు. ముసలాళ్లు సైతం మోకాళ్లు మరిచిపోయి లేచారు. ఆఖరి మలుపులో రెండు గుర్రాలు మెడా మెడా రాసుకుంటూ వస్తున్నాయి. వాటిని పట్టుకోవాలని బైనాక్యులర్స్ తిప్పేసరికి, వాటి వెనక చెరువులో ఒక నీలిరంగు టోపీ కనబడింది. ఆ టోపీ ఆయన ఇంట్లో, వంటింటి తలుపు వెనక మేకుకు ఉండేది.

టోపీ కింద భార్య, నడుము లోతు నీళ్లలో. తెప్ప లాగుతూ లాగుతూ పాత తూము వైపు జరుగుతోంది. తూము దగ్గర లోతెంతో మైదానంలో పనిచేసేవాళ్లందరికీ తెలుసు.

"ఇదిగో! ఏమేవ్! అటు కాదు! లోతు! ఇవతలికి రా! రావే తల్లీ!"

లౌడ్ స్పీకర్లన్నీ ఒక్కసారిగా ఆ మాట అన్నాయి. చెరువులో నీలిటోపీ తల తిప్పి, స్టాండు వైపు చూసి, మెల్లగా గట్టెక్కింది. బాబాయి ఊపిరి పీల్చాడు. ఈలోగా గుర్రాలు గీత దాటాయి. ఆ దాటడం ఆయన చూడలేదు, చెప్పలేదు. ఉద్యోగంలో చేరాక అలా జరగడం అదే మొదలు.

"ఎవరు గెలిచారయ్యా?" అని కింద ఒక ముసలాయన మండిపడ్డాడు.

"ఇంకెవరు, పిన్నిగారు!" అన్నాడు పక్కాయన.

సాయంత్రం కార్యదర్శి గదిలో బాబాయి తల వంచుకుని నిలబడ్డాడు. మైకు పోయినట్టేనని ఆయనకు సందేహం లేదు. సలహాదారు ఫోను పట్టుకుని పరుగున వచ్చింది. 'రావే తల్లీ' అన్న కేక అప్పటికే ఊరంతా తిరుగుతోందట. కుర్రాళ్లు దానికి తాళం కూడా కలిపారట. వచ్చే వారం వస్తామంటున్నవాళ్లకు లెక్క లేదట.

కార్యదర్శి అక్కడికక్కడే సర్క్యులరు చెప్పి రాయించాడు. 'ప్రతి ఆదివారమును ఆఖరి మలుపునందు వ్యాఖ్యాత సదరు కేకను వేయవలెను. నూతన అభిమానుల సౌకర్యార్థము చెరువులోని గుర్రపుడెక్కను సమూలముగ తొలగింపరాదు.' ఇన్నేళ్లు పీకడానికి తీరిక లేని మొక్కకు, తీరా పీకేవాళ్లొచ్చాక, క్లబ్బు సభ్యత్వం ఇచ్చింది.

"మైకు మీదే బాబాయిగారూ!" అని సలహాదారు అభినందించింది.

బాబాయి సర్క్యులరు రెండుసార్లు చదివాడు. 'గుర్రపుడెక్క' కలిపే రాశారు. మెడలోంచి బైనాక్యులర్స్ తీసి బల్ల మీద పెట్టాడు.

"పరుగు మధ్యలో కేక వేయడం నాకు రాదు. ఇవాళ వేసింది కేక కాదు, భయం. కొత్త గొంతును పిలిపించుకోండి."

ఇంటికొచ్చి జరిగిందంతా చెప్పాడు. వేలితో కాదు, నోటితోనే చెప్పాడు. భార్య దురద పుట్టిన మోచేతులకు నూనె రాసుకుంటూ వింది. విని, "పడుకోండి" అంది.

మర్నాడు సంఘంతో సహా కార్యదర్శి గదికి వెళ్లింది. రబ్బరు బూట్లు విప్పలేదు.

"ఆ పిలుపు నన్ను పిలిచింది. మీరు వాడుకోడానికి వీల్లేదు."

"అమ్మా, అది జనానికి నచ్చింది..." అని సలహాదారు అనబోయింది.

"జనానికి నచ్చితే వాళ్ల మొగుళ్లచేత పిలిపించుకోమను. మేం ఆదివారం ఆదివారం వస్తాం. ఆ దరిద్రాన్ని వేళ్లతో సహా తీస్తాం. పరుగు జరిగినంతసేపూ గట్టు మీద కూర్చుంటాం. ఆయన పరుగు చెప్తారు, పరుగే చెప్తారు. కాదన్నారా, మాలో ఒక్కరూ రారు. మీ ఫొటోల్లో మళ్లీ ఆ పళ్లు లేని ముసలాళ్లే మిగుల్తారు. ఆలోచించుకోండి."

ఆలోచించే అలవాటున్నవారు అక్కడ ఎవరూ లేరు కనక కార్యదర్శి తల ఊపాడు. బైనాక్యులర్స్ ఆ పూటే బాబాయి ఇంటికి చేరాయి.

తరవాతి ఆదివారం చెరువుగట్టున ఆడవాళ్లు వరసగా కూర్చున్నారు. బాబాయి భార్య పందేనికి వీపు పెట్టి, కొక్కేనికి అంటుకున్న తీగలు ఒక్కొక్కటీ విడదీస్తోంది. మైదానానికి వచ్చింది గాని పందెం చూడకూడదన్న పట్టు విడవలేదు. ఆఖరి మలుపులో ఆ గొంతు లేచింది, ఇంకా లేచింది. ఆవిడ చేతులు ఆగిపోయాయి. వెనక్కి తిరగలేదు. గొంతు గీత దాటి దిగిపోయాక మళ్లీ తీగ అందుకుంది. బైనాక్యులర్స్‌లో బాబాయి అది చూశాడు. ఈసారి పరుగంతా చెప్పేశాకే చూశాడు.

రాత్రి భోజనాల దగ్గర ఎప్పటిలాగే ఆయన ఉప్పు వైపు వేలు చూపించబోయాడు. ఆవిడ డబ్బా అందిస్తూ అంది:

"ఆ గోధుమరంగుది మలుపు దాకా ముందుందన్నారుగా. ఆ తరవాత వెనకెందుకు పడింది?"

బాబాయి ముద్ద పక్కన పెట్టి, కంచం అంచు మీద వేలితో మలుపు గీసి, మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.

ఈ సంగతి సలహాదారుకు మాత్రం ఆయన చెప్పలేదు. చెబితే ఆవిణ్ని కూడా కొత్త అభిమానుల లెక్కలో వేసేస్తుందని.