ఎర్రబడ్డ రేవు

రేవులో అందరికీ ఆవిడ భూతద్దం వదినే. వారానికోసారి పడవెక్కి సముద్రపు నీళ్ళు సీసాల్లో పట్టుకొచ్చి, కంటికి ఆనని నాచు ఏ కాలంలో ఏ రకం ఎంత ఉందో మైక్రోస్కోపులో చూడటం ఆవిడ ఉద్యోగం. మనిషి నిక్కచ్చి. చూడందే మాట అనదని పేరు. ఆ పేరే కొంప ముంచింది.

ఒకప్పుడు అద్దకం షెడ్ల పుణ్యమా అని ఈ నీళ్ళు పూటకో రంగు. వాటిలో ఒక షెడ్డు సొంత మరిదిది. అందరికంటే ముందు రంగునీళ్ళు సముద్రంలోకి వదిలే కాలవ మూసేసి, మురుగు శుద్ధిచేసే తొట్టి కట్టించిందీ అతనే. ఏళ్ళు పట్టినా నీళ్ళు తేరుకున్నాయి, చేపలు తిరిగొచ్చాయి. అలాంటిది, చలి తగ్గి ఎండ ముదురుతున్న రోజుల్లో ఒక ఉదయం రేవంతా ఎర్రమట్టి రంగుకు తిరిగింది. ఆవిడకు ఒళ్ళు మండిపోయింది. నీళ్ళు పట్టిన సీసా చేతిలోనే ఉంది. అయినా ఆగితేగా! వలలు సర్దుకుంటున్న జాలర్ల ముందే మరిదిని కడిగిపారేసింది.

"కుక్క తోక వంకరే! మళ్ళీ వదిలావు కదూ?"

అతను ఎర్రటి నీళ్ళకేసి ఓసారి చూశాడు.

మధ్యాహ్నం ల్యాబ్‌లో చూస్తే అద్దకం రంగు చుక్క లేదు. నీళ్ళనిండా గాజు పెంకుల గోధుమరంగు నాచు, గొలుసులు గొలుసులుగా. శుభ్రమైన నీళ్ళలో ఎండలు మొదలవగానే విరగబడి పెరిగే రకం అది. ఇన్నేళ్ళూ ఆ కాలంలో అక్కడొకటి ఇక్కడొకటి కనిపించేది, అంతే. సముద్రం నిజంగా బాగుపడిందని దాని అర్థం. ఇంత మంచి కబురుకు ఆవిడ ముఖం నల్లబడిపోయింది. పొద్దున రేవులో అన్న మాట గుర్తొచ్చింది.

ఎవరి కంటా పడకుండా షెడ్డు పెరటి గుమ్మంలోంచి వెళ్ళింది. పని ఆపేసి ఉంది. మరిది ఖాళీ తొట్టిలోకి దిగి గోడలు తడుముతున్నాడు.

"పగులెక్కడుందో దొరకట్లేదు వదినా. నువ్వన్నావంటే ఉండే ఉంటుంది."

ఆవిడ తొట్టి అంచున కూర్చుంది. నీళ్ళలో రంగు లేదని, అదంతా నాచేనని చెప్పింది.

"అయితే నాది కాదా?" అతను తొట్టిలోనే కూలబడ్డాడు. "నీ మాట నమ్మి ఆ జాలర్లందరి కాళ్ళూ పట్టుకుని వచ్చానే!"

"తప్పయింది. క్షమించు."

అతను తొట్టి గోడ పట్టుకుని లేచాడు. తర్వాత తలెత్తి అడిగాడు.

"తిట్టింది రేవులో. ఈ మాట పెరట్లోనా వదినా?"